రెండు ఎడమ చేతులు

చొక్కా పొట్టిదైనా, ప్యాంటు బిగుతైనా టైలరు మాస్టరు నోట ఒకటే మాట: "తప్పు బట్టదే." పాతికేళ్లుగా ఆ షాపులో తప్పు చేసింది బట్ట ఒక్కటే, పాపం. ఆయన మాత్రం కత్తెర పట్టిన నాటి నుంచీ ఒక్క పొరపాటూ చెయ్యలేదట. వినేవాళ్లు లోలోపల నవ్వుకుని, మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. పనితనం అలాంటిది మరి.

ఆయన భార్య నర్సు. వాళ్ల పాత కారులోనే రోజూ కొండ దిగి ఆసుపత్రికి వెళ్లేది. బ్రేకు తొక్కితే కాలు లోతుకు పోతోందని వారం నుంచి చెబుతూనే ఉంది. మెకానిక్కు చూసి, వెనక చక్రాల్లో బ్రేకు లైనింగులు అరిగిపోయాయని తేల్చాడు. లైనింగు అన్న మాట చెవిన పడగానే మాస్టరుకు ఎక్కడలేని హుషారు వచ్చింది. కోట్లకు లైనింగులు వేసి వేసి చేతులు కాయలు కాచినవాడికి చక్రానికి వెయ్యడం ఒక లెక్కా అన్నాడు. భార్య వద్దని మొత్తుకున్నా వినలేదు.

సెలవు రోజు పొద్దున్నే ఇంటి ముందు కారును జాకీతో లేపి, కింద దిమ్మలు పెట్టి, వెనక చక్రాలు రెండూ ఒకేసారి విప్పేశాడు. తిరకాసంతా అక్కడే ఉంది. ఒక వైపు పని పూర్తయ్యేదాకా రెండో వైపు ముట్టుకోవద్దని, అదే నమూనాగా పనికొస్తుందని మెకానిక్కు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఈయన వింటేగా. చక్రం వెనకుండే బ్రేకు డ్రమ్ము లోపల నెలవంకల్లా రెండు ఇనుప ముక్కలున్నాయి; ఒకదాని మీద లైనింగు పొట్టి, రెండోదాని మీద పొడుగు. ఎడమ చక్రం ముందు కూర్చుని, పొట్టిది ఎడమ చేతి వైపు, పొడుగుది కుడి చేతి వైపు అని కాగితం మీద రాసుకున్నాడు. ఆ కాగితం చూసుకుంటూనే రెండు చక్రాలకూ కొత్తవి బిగించాడు. మధ్యలో ఒక స్ప్రింగు ఎగిరి పూలకుండీలో పడితే, దాన్ని వెతకడానికి అరగంట పట్టింది. చివరికి వీధి మొగదాకా నడిపి చూశాడు. బండి ఆగింది. కాస్త పక్కకు లాగింది గానీ, పాత బండి కదా అని సర్దుకున్నాడు.

భార్యది ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. "మా ఆయనే బాగుచేశారు" అని పక్కింటి వదినకు చెప్పుకుని మురిసిపోతూ తాళాలు తీసుకుంది. మాస్టరు లోపల ఒక కోటుకు చేతులు కుడుతున్నాడు. ఎడమ చెయ్యి అయింది. కుడిది భుజానికి ఆనించాడు. చేతికి ముందు వైపు కోత లోతుగా ఉంటుంది, వెనక తక్కువగా ఉంటుంది. అందుకే ఒక చేతి ముక్కను తెచ్చి రెండో భుజానికి కుట్టకూడదు. ఈ సంగతి నిన్న గాక మొన్న సూది పట్టినవాళ్లకైనా తెలుసు. ఆయన మిషను ఆగిపోయింది. చక్రానికీ ముందూ వెనకా ఉంటాయి. పొట్టిది ఉండాల్సింది తన ఎడమ చేతి వైపు కాదు, బండి ముందు వైపు. కారుకు రెండూ ఎడమ చేతులే కుట్టిపెట్టాడు.

బయట ఇంజను స్టార్టయింది. ఎలాగో ఆగుతుందిలే, రేపు ఎవరికీ తెలియకుండా సరిచేద్దామని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే కొండ మలుపులు కళ్లముందు మెదిలాయి. మెడలో టేపుతోనే పరిగెత్తి బండికి అడ్డంగా నిలబడ్డాడు.

ఆమె అద్దం దించింది.

"దిగు. కుడి చక్రం లైనింగులు తిరగేసి బిగించాను."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "తప్పు బట్టదేనా?"

"కాదు. నాదే."

పాతికేళ్ల కాపురంలో ఆ మాట వినడం ఆమెకదే మొదటిసారి. ఇంజను ఆపి దిగింది. ఆసుపత్రికి ఫోన్ చేసి రెండు గంటలు ఆలస్యమవుతుందని చెప్పింది. అవతలివాళ్లు కారణం అడిగినట్టున్నారు. జాకీ తిప్పుతున్న మాస్టరు తలెత్తకుండానే చెవులు రిక్కించాడు.

"ఏం లేదండీ," అంది ఆమె, "తప్పు బండిదే."