జవాబు దక్కని మాట

అరవై మందితో ఆ చిన్న ఓడ రేవులోకి తిరుగుతుంటే వెల్మా కడుపు మండిపోయింది. తిమింగలాలనీ ఎలుగుబంట్లనీ చూసుకుంటూ వచ్చే ఆ యాత్రికులకి పదకొండు వేసవులుగా ఊరి తరఫున స్వాగతం పలికింది తనే. ఈ ఏడు ఓడవాళ్లు ఆ పని రోండాకి ఇచ్చారు. రోండా పరాయిది కాదు, పోయిన తమ్ముడి కూతురు. నిన్నగాక మొన్న తను ముక్కు తుడిచిన పిల్ల.

వాళ్ల ట్లింగిట్ తెగలో బిడ్డ తల్లి వంశానికే చెందుతుంది. అందుకే మేనత్తది గద్ద పక్షం, మేనకోడలిది కాకి పక్షం. ఒక పక్షంవాళ్లు నలుగురిలో మాట్లాడితే అవతలి పక్షంవాళ్లు జవాబు చెప్పాలి. జవాబు దక్కని మాట నేలపాలైనట్టే. పడవలన్నీ సాల్మన్ చేపల వేటకి పోయాయి కాబట్టి ఆ పూట రేవులో ఉన్న గద్ద పక్షం మనిషి వెల్మా ఒక్కతే.

గుండీలు కుట్టిన ఎర్ర దుప్పటి భుజాన కప్పుకుని రోండా తల్లి వంశం పేరు చెప్పింది, తండ్రి వంశం పేరు చెప్పింది, యాత్రికుల్ని దిగి రమ్మంది. ఎండుచేపల బల్ల వెనక నిలబడి వెల్మా తప్పుల కోసం చెవులు రిక్కించింది. ఒక్కటీ దొరకలేదు. పాడు పిల్ల, తనకన్నా బాగా మాట్లాడింది. పుండు మీద కారం చల్లినట్టయింది.

రోండా ఆగి అత్తవైపు చూసింది. వెల్మా చేపలు సర్దుకుంది.

"గొంతులో ముల్లు గుచ్చుకుందా ఏంటి వెల్మా?" అన్నాడు పక్కన కూర్చున్న ముసలి క్లారెన్స్. ఆయనదీ కాకి పక్షమే, జవాబు చెప్పే హక్కు లేదు. "పిల్ల నీకేసే చూస్తోంది."

"చూడనీ. అంత మొనగత్తెకి నా మాటెందుకు?"

రోండా మొహం పాలిపోయింది. ఆచారం తెలియని యాత్రికులు చప్పట్లు కొట్టి ఒడ్డుకి దిగారు. వెల్మాకి సాయంత్రం దాకా కడుపు చల్లగా ఉంది.

ఓడ కదిలాక రోండా బల్ల దగ్గరికి వచ్చింది.

"జవాబు చెప్పే మనిషి లేకపోతే అది స్వాగతమే కాదని ఓడవాళ్లతో మూడు నెలలు పోట్లాడాను అత్తా. ఇద్దర్నీ పెట్టుకోండి, మా అత్త ఉందన్నాను. ఇవాళ చూసి చెప్తామన్నారు."

"ఆ ముక్క నాకు ముందే చెప్పి చావచ్చుగా?"

"అడిగి చెప్పించుకుంటే అది జవాబెలా అవుద్ది? నువ్వు నేర్పిందేగా."

వెల్మా చేతిలో చేపని బల్ల మీద పెట్టింది. "ఏమన్నారు?"

"ఒక్కరు చాలంట."

రోండా దుప్పటి మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. తన వేలితో తన కన్నే పొడుచుకుంది వెల్మా. ఇంత జరిగినా ఆ పిల్ల గొంతు తలుచుకుంటే ఇంకా కుళ్లుగానే ఉంది. అయినా లేచి నిలబడింది.

"నీ మాట విన్నాం, మా తమ్ముడి బిడ్డా. నీ వెనక మేమున్నాం," అంది ఖాళీ రేవుతో.

క్లారెన్స్ కర్ర పట్టుకుని లేచాడు.

"బాగా చెప్పావు," అన్నాడు. "పొద్దున చెప్పాల్సింది."