మ్యాచింగ్ సెంటర్ వాట్సాప్

మా కోడలు రాజేశ్వరికి ట్యూబ్‌లైటు మీద కూడా నమ్మకం లేదు. హన్మకొండ చౌరస్తా దగ్గర మాది మ్యాచింగ్ సెంటర్. చీర తెచ్చి చూపిస్తే దానికి సరిపడే జాకెట్టు గుడ్డ తీసివ్వడం మా వ్యాపారం. గుడ్డ తీయగానే రాజేశ్వరి దాన్నీ చీర కొంగునూ పట్టుకుని గడప దాటి రోడ్డు మీదకు పోతుంది. లైటు కింద రంగు అబద్ధం చెబుతుందట, ఎండలో చూస్తే గానీ ఒప్పుకోదు. గిరాకీవాళ్ళకు ఆ పట్టుదల నచ్చుతుంది. అయితే ఆమె మనుషుల్ని కూడా అలాగే ఎండలో పెట్టి చూస్తానంటుంది. చిక్కు అక్కడే వస్తుంది.

ఈసారి ఆమె కంట్లో పడింది నా మనవరాలు స్నేహలత. తొమ్మిదో తరగతి. బడివాళ్ళు హోంవర్కు ఫోన్‌లో పెడుతున్నారని పోయినేడు దానికో ఫోన్ కొనిచ్చాం. లాక్ పెట్టకూడదన్నది మా ఇంటి చట్టం. పిల్ల ఆ చట్టం తప్పలేదు. కానీ ఈ మధ్య ఫోన్‌ను బోర్లా పెట్టడం మొదలుపెట్టింది. మనం గదిలోకి వెళ్తే మాట ఆపేస్తోంది. అన్నం తింటూ తింటూ ఫోన్ మోగితే చెయ్యి కడుక్కుని మిద్దె మీదకు పోతోంది.

అడిగితే చెప్పింది కూడా. బడిలో మొగిలయ్య సార్ అని సైన్సు చెప్పే ఆయన 'ఫోన్ దోస్తులు' అని ఒక గుంపు పెట్టాడట. ఏ పిల్లకైనా ఫోన్ వల్ల తిప్పలొస్తే, అంటే ఆటలకు అలవాటుపడి నిద్రపోలేకపోయినా, ఎవడైనా సతాయించినా, ఈ దోస్తులకు చెప్పుకోవచ్చు. విన్నవాళ్ళు నవ్వకూడదు, ఇంకొకరికి చెప్పకూడదు, ఆ పిల్లను ఒప్పించి సార్ దగ్గరికి తీసుకుపోవాలి. స్నేహలత అందులో ఉందట.

"పిల్లలకు పిల్లలే పెద్దమనుషులా? ఏ బళ్లె ఉంటదమ్మా గిసుంటిది?" అంది రాజేశ్వరి, అది లేచి వెళ్ళిపోయాక.

నేనైనా ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. మిద్దె మీద బట్టలు తీయడానికి వెళ్ళినప్పుడు పిల్ల కళ్ళు తుడుచుకుంటుంటే చూశానని, "ఇంట్ల ఎవ్వరికి చెప్ప, ఫికర్ చెయ్యకు" అని ఫోన్‌లో ఎవరికో చెబుతుంటే విన్నానని ఆమె చెవిన వేశాను. నిప్పు లేనిదే పొగ రాదని కూడా అన్నాను. మా కొడుకు శ్యాంసుందర్ సరుకు కోసం హైదరాబాద్ వెళ్ళాడు. ఉంటే ఇద్దరినీ తిట్టి కూర్చోబెట్టేవాడేమో.

మర్నాడు పిల్ల స్నానానికి వెళ్ళగానే రాజేశ్వరి దాని ఫోన్ కొంగులో దాచుకుని కింద షాపులోకి దిగింది. మా షాపులో కంప్యూటర్ ఉంది. కొత్త గుడ్డలు వస్తే ఫోటోలు తీసి గిరాకీవాళ్ళకూ దర్జీలకూ వాట్సాప్‌లో పంపేది దాని మీదే. ఫోన్‌ను దానికి కలపడం మా వాళ్ళకు తాళం తీసినంత తేలిక. షాపు వాట్సాప్ పక్కన పిల్ల వాట్సాప్ కూడా తెరుచుకుంది. ఫోన్ ఎక్కడిది అక్కడ పెట్టి వచ్చింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అదే పని.

పిల్లలు రాసుకునేది తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. నాకు రావు. గిరాకీ లేనప్పుడు రాజేశ్వరి మెల్లగా చదివి వినిపించేది.

"పవన్ మళ్ల ఫోటో అడుగుతాండు," అని చదివి ఆమె ఆగిపోయింది. పదిహేను నిండని పిల్ల, పవన్ ఎవడు?

పైకి జరిపి చదివితే తెలిసింది, ఆ మాట రాసింది స్నేహలత కాదు, శ్రావణి. హసన్‌పర్తి నుంచి బస్సులో వచ్చే పిల్ల. ఒకసారి మా ఇంటికి వచ్చి, పెట్టిన సకినాలు సగం తిని, మిగతావి తమ్ముడికని కాగితంలో కట్టుకుపోయింది. ఫోన్‌లో ఏదో ఆట ఆడుతుంటే ఆ పవన్ అనేవాడు దోస్తీ కట్టాడట. వాడి మొహం చూసినవాళ్ళు లేరు. పుట్టినరోజు ఫోటో అడిగితే పంపింది. వాడు ఆ మొహాన్ని ఇంకేదో సిగ్గుమాలిన బొమ్మకు అతికించి, ఇంకా ఫోటోలు పంపకపోతే దీన్ని మీ బడి మొత్తానికి పంపుతానంటున్నాడు. శనివారం దాకా గడువు.

"పంపకు. వాడు పంపినయన్ని తుడవకముందు నాకు పంపు. సార్‌కు చెప్దాం," అని మా పిల్ల రాసింది.

"ఇంట్ల తెలిస్తే బడి మానిపిస్తరు. నువ్వు ఎవ్వరికి చెప్పనని ఒట్టెయ్యి," అని శ్రావణి రాసింది.

మా పిల్ల తప్పు చెయ్యలేదని తెలిసింది కదా, అక్కడ కంప్యూటర్ మూసేయాలి. లేదంటే ఆ పిల్లకు సాయం చేయాలి. రెండూ చేయలేదు. "ఇసుంటి పిల్లతోని మన పిల్లకు దోస్తానా?" అని రాజేశ్వరి అనుమానాన్ని శ్రావణి మీదకు మళ్ళించింది. "ఆ పిల్ల ఏం చెయ్యకపోతే వాడెందుకు ఎంటపడ్తడు?" అంది. నేను తల ఊపాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, తర్వాత ఏం జరిగిందోనని మధ్యాహ్నం నిద్ర మానుకుని మరీ షాపులో కూర్చున్నాను. పరాయి పిల్ల కష్టం మాకు సీరియల్ అయింది.

మా పిల్ల మాత్రం ఓపికగా నచ్చజెప్పింది. తిట్టలేదు, తొందరపెట్టలేదు. చివరికి గురువారం రాత్రి శ్రావణి ఒప్పుకుంది. "శుక్రవారం మా అమ్మమ్మను దవాఖానకు తీస్కపోవాలె, బడికి రాను. శనివారం పొద్దున నువ్వు పక్కనుంటే సార్‌కు చెప్త," అంది. అది చదివి రాజేశ్వరి కూడా ఊపిరి పీల్చుకుంది.

శుక్రవారం కొత్త కాటన్ సరుకు వచ్చింది. మా దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసే పూలమ్మ గుడ్డలన్నీ పరిచి ఫోటోలు తీసి, ఎప్పటిలాగే కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్కపక్కన రెండు వాట్సాప్‌లు ఉన్నాయని ఆమెకు ఎవరు చెప్పారు? కనిపించిన దాంట్లో పైనున్న పేర్లన్నిటికీ ఫోటోలు పంపింది. వాటి వెంట రాజేశ్వరి గొంతుతో ముందే రికార్డు చేసి పెట్టిన మాట కూడా పంపింది. "అక్కా, కొత్త స్టాక్ వచ్చింది. నచ్చిన రంగు చెప్పుండ్రి, పక్కన పెడ్త."

అవి పోయింది ఫోన్ దోస్తుల గుంపుకు. శ్రావణికి కూడా.

మొదట నేనే చూశాను, ఫోటోల పైన స్నేహలత బొమ్మ ఉండటం. రాజేశ్వరిని కేకేశాను. ఆమె వచ్చి చూసి మౌసు పట్టుకుంది గానీ ఏం నొక్కాలో తోచలేదు. తుడిచేలోపే శ్రావణి నుంచి ఒక మాట వచ్చింది. రాజేశ్వరి దాన్ని పైకి చదవలేదు. నేను బతిమాలితే చదివింది. "మీ అమ్మ అంత చూస్తాందా?" ఆ తర్వాత శ్రావణి బొమ్మ ఉన్నచోట ఏమీ లేకుండా పోయింది. మా పిల్లను బ్లాక్ చేసిందని పూలమ్మ చెప్పింది.

సాయంత్రం స్నేహలత బడి నుంచి వచ్చి పైన ఇంట్లోకి పోయి, ఫోన్ చూసుకుని, యూనిఫాం మార్చుకోకుండానే షాపులోకి దిగింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఎన్ని రోజుల సంది చూస్తాన్నవ్ అమ్మా?"

"నీ మంచికే బిడ్డా. తల్లిని, నేను చూడొద్దా?"

"చూడు. నాకు చెప్పి చూడు. నా ముచ్చటైతే నేనే చూపెడ్తుంటి. అది నాది కాదు, శ్రావణిది. ఒట్టేసిన." తర్వాత నా వైపు తిరిగింది. "బాపమ్మా, నీకు సుత ఎర్కేనా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను. పిల్లకు అర్థమైంది.

"ఫోన్ చేస్తే ఎత్తుతలేదు. రేపే వాడిచ్చిన గడువు. భయపడి వాడు అడిగిందల్ల పంపుతదమ్మా," అని అప్పుడు ఏడ్చింది.

రాజేశ్వరి కౌంటర్ మీదున్న గుడ్డ మడత పెట్టింది, మళ్ళీ విప్పింది. తర్వాత పూలమ్మకు తాళాలిచ్చి, ఆటో పిలిచింది. ముగ్గురం ఎక్కాం. ఒకవేళ ఈపాటికే ఆ పిల్ల ఏదైనా పంపేసి ఉంటే? అలా జరిగితే పాపం మాదే.

హసన్‌పర్తిలో శ్రావణి వాళ్ళది రెండు గదుల ఇల్లు, పక్కన గేదెల కొట్టం. తల్లి సమ్మమ్మ పాలు పోస్తుంది. మమ్మల్ని చూసి సంతోషపడి మంచం వాల్చింది. శ్రావణి తలుపు పట్టుకుని నిలబడి మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. చెబుతారా, చెప్పరా అన్న భయం తప్ప ఆ మొహంలో ఇంకేమీ లేదు.

"ఏందక్కా, గింత దూరమచ్చిండ్రు? పిల్లలు ఏమన్న కొట్లాడుకున్నరా?" అంది సమ్మమ్మ.

"ఫోన్ల ముచ్చట," అంది రాజేశ్వరి.

"మా పిల్ల ఫోన్ నేను రోజు సూస్తక్కా. నాకు సదువు రాకపోతే ఏంది, వాళ్ల తమ్మునితోని సదివిస్త. ఏం లేదు అండ్ల. కావాల్నంటె సూడుండ్రి." గర్వంగా లోపలికి వెళ్ళి ఫోన్ తెచ్చి రాజేశ్వరి చేతిలో పెట్టింది.

రాజేశ్వరి చూసింది. నేను కూడా తొంగి చూశాను. నిజంగానే ఏమీ లేదు. ఒక్క మెసేజీ లేదు, ఒక్క ఫోటో లేదు. పద్నాలుగేళ్ళ పిల్ల ఫోన్ కడిగిన పళ్ళెంలా ఉంది. తల్లి రోజూ చూస్తుందని పిల్ల రోజూ తుడుస్తోంది.

మా కోడలి సంగతి నాకు తెలుసు. కడుపులో మాట ఆగదు. తల్లికి తల్లి చెప్పడం ధర్మమే కదా అని ఒక్క క్షణం ఆమె నోటి దాకా వచ్చే ఉంటుంది. స్నేహలత ఆమె వైపు చూడనైనా చూడలేదు. రాజేశ్వరి ఫోన్‌ను సమ్మమ్మకు ఇవ్వలేదు, శ్రావణి చేతిలో పెట్టింది.

"చెల్లె, తప్పు నేను చేసిన. నా బిడ్డ ఫోన్ దానికి తెల్వకుంట సదివిన. మీ పిల్ల నా బిడ్డతోని చెప్పుకున్న మాటలు సుత సదివిన. సదివి, ఒక్క సాయం చెయ్యలే. అవి ఏం మాటలో నేను చెప్ప." పిల్ల వైపు తిరిగింది. "శ్రావణీ, చెప్పేది నువ్వే. నువ్వు చెప్పినంత సేపు మేమీడనే కూసుంటం. ఏమైనా సరే లేచి పోము."

సమ్మమ్మ మొహం మారింది. "ఏం మాటలే?" అంది కూతురితో. ఆ గొంతు విని కొట్టంలోని గేదె కూడా కదిలింది.

స్నేహలత వెళ్ళి దాని పక్కన నిలబడింది. అప్పుడు మొదలుపెట్టింది. ఆట దగ్గర నుంచి పుట్టినరోజు ఫోటో దాకా, అతికించిన బొమ్మ దాకా, గడువు దాకా. ఏమీ పంపలేదని, పంపుదామని మధ్యాహ్నం నుంచి ఫోన్ పట్టుకుని కూర్చుందని చెప్పింది. వాడి మెసేజీలన్నీ తన దగ్గర భద్రంగా ఉన్నాయని స్నేహలత చెప్పి, అక్కడి నుంచే మొగిలయ్య సార్‌కు ఫోన్ చేసింది. వాడికి జవాబు ఇవ్వొద్దని, పొద్దున తానే వచ్చి తల్లితో కలిసి పోలీసుల దగ్గరికి తీసుకుపోతానని, ఇందులో పిల్ల తప్పు రవ్వంత కూడా లేదని సార్ స్పీకర్‌లో గట్టిగా చెప్పాడు.

సమ్మమ్మ చెయ్యెత్తింది. కొడుతుందేమోనని నేను మంచం మీద నుంచి లేచాను. ఆ చెయ్యి పిల్ల తల మీద పడి అక్కడే ఉండిపోయింది.

"ఇన్ని రోజులు ఒక్కదానివే ఎట్ల మోసినవే? రోజు ఫోన్ అడుగుతనే ఉంటి కద. నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఫోన్‌నే అడిగినవమ్మా," అంది శ్రావణి. "నన్ను ఎన్నడడిగినవ్?"

రాజేశ్వరి తల దించుకుంది, నేనూ దించుకున్నాను.