పేడనీళ్ళ కుండ

"ఆ కుండ కడిగీయే బుద్రీ. మూడ్రోజుల్నుంచి నా కళ్ళెదురుగానే ఉంది. దాన్ని సూత్తంటే కడుపు తరుక్కుపోతంది" అంది అత్త సోములమ్మ, గడపలో కూర్చుని చాటలో చోళ్ళు చెరుగుతూ.

బుద్రి వినిపించుకోనట్టు పొయ్యి ఊదింది. పొద్దున్నుంచి ఇల్లు అలికింది, కొండవాగు దగ్గర్నుంచి నాలుగుసార్లు నీళ్ళు మోసుకొచ్చింది, సామలు దంచింది, అత్త మోకాళ్ళకి నూనె రాసింది. ఆ ఒక్క కుండ జోలికి మాత్రం పోలేదు. అంచుల్లో పేడ ఎండి పెచ్చులు కట్టింది. కడిగేస్తే తను చేసిందంతా అంత తేలిగ్గా కడిగేసుకున్నట్టు ఉంటుందని భయం. కడగకపోతే అది రోజంతా మూలనుంచి తననే చూస్తున్నట్టుంది. మొగుడు గాసి అడవిలోకి పోయి ఇవాళ్టికి మూడో రోజు.

ఆ కొండల్లో ఆడదానికి ఏడాదికొకసారి నోరిచ్చే పండగ ఇటుకల పండగ. చైత్రమాసంలో వస్తుంది. మగవాళ్ళు తెల్లారకుండానే విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. ఏదో ఒక జంతువుతో దిగితే సరే, ఆ నెత్తురు విత్తనాల్లో కలిపి ఇంటింటికీ పంచుతారు. వట్టి చేతులతో దిగారా, ఊరి మొగదల ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో కాసుకుని ఉంటారు. మొగుడని లేదు, మరిదని లేదు, ఊరిపెద్దని లేదు, అందరి నెత్తిమీదా అవే నీళ్ళు, అందరికీ అవే తిట్లు. ఏడాది పొడుగునా అంబలి చల్లారిందనీ, పిల్ల ఏడ్చిందనీ, నీళ్ళు తేవడం ఆలస్యమైందనీ మాటలు పడేవాళ్ళు ఆ నాలుగు రోజులూ కడుపారా తిడతారు. మగవాళ్ళు నవ్వుతూ పడతారు. పడితే వాళ్ళకేం పోయింది? పండగ దాటితే మళ్ళీ వాళ్ళ రాజ్యమే. కానీ ఆ తిట్లకీ ఒక హద్దుంది. నీకు గురి లేదనవచ్చు, కుందేలు నిన్ను చూసి నవ్విందనవచ్చు. ఇంట్లో జరిగినదాన్ని మాత్రం ఊరి మొగదలకి తేకూడదు. ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ తెలుసు. బుద్రికీ తెలుసు.

తెలిసే అంది. మొన్న సాయంత్రం మగవాళ్ళు వట్టి చేతులతో దిగారు. డప్పులు మోగుతున్నాయి, ఆడవాళ్ళు విరగబడి నవ్వుతున్నారు. గాసి కూడా నవ్వుతూ తల వంచి ఆమె ముందు నిలబడ్డాడు. ఆ నవ్వే బుద్రికి ఎక్కడో తగిలింది.

"ఈడా వేటాడేది? మేస్త్రీ కేకేత్తే అటకెక్కి దాక్కున్నాడు! పచ్చి బాలింతని రోడ్డుకి తోలీసినోడు!" అని అరిచి కుండెడు నీళ్ళూ అతని మొహాన కొట్టింది.

డప్పు ఆగిపోయింది. గాసి అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. విల్లు తీసుకుని వెనక్కి తిరిగి, ఒంటరిగా కొండెక్కిపోయాడు. ఇటుకల పండగలో ఒంటరి వేట ఎవరూ చెయ్యరు. ఎలుగులు పిల్లలతో తిరిగే కాలం.

ఊళ్ళో వాళ్ళు రెండు రోజులు వెతికారు, జాడ లేదు. ఒక ఇంటి మగాడు అడవిలో ఉండగా విత్తనాలు కలపకూడదు కాబట్టి ఊరు ఊరంతా ఆగిపోయింది. వాగు దగ్గర ఆడవాళ్ళు బుద్రిని చూడగానే మాటలు ఆపేస్తున్నారు. వాళ్ళ మీద ఆమెకి కోపం లేదు. నా నోరు పడిపోను, అని వెయ్యిసార్లు అనుకుంది. అతనికి ఏదైనా అయితే చంపింది నేనే. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది, ఎవరితోనూ చెప్పుకోలేనిది. ఆ మాట అనేసిన రాత్రి ఆమె ఏడాది తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయింది. మొగుడు అడవిలో ఉంటే హాయిగా నిద్రపోయిన ఆడదాన్ని ఏమనాలి?

ఏడాది కిందటి సంగతది. మన్యంలో గొడవలు అణిగాక దొరలు పట్టుబట్టి కొండల మీద రోడ్డు వేయిస్తున్నారు. ఇంటికొక మనిషి వంతున వెట్టికి పోవాలి. వాళ్ళ వంతు వచ్చిన రోజు గాసి నడుం పట్టేసిందని అటకెక్కి పడుకున్నాడు. వెట్టిలో మేస్త్రీ బెత్తం దెబ్బలు తిన్నవాడు, మళ్ళీ తినలేనివాడు. "నువ్వు ఎల్లు. ఆడోళ్ళని కొట్టడులే" అన్నాడు. నెలన్నర కూతుర్ని, పసిగుంటని, చంకనేసుకుని బుద్రి వెళ్ళింది. నిజమే, మేస్త్రీ కొట్టలేదు. చెట్టుకి కట్టిన గుడ్డ ఊయలలో గుంట ఏడుస్తుంటే, మధ్యాహ్నం ఉన్నట్టుండి జోరువాన పట్టుకుంటే, ఈ వరస రాళ్ళు అయ్యేదాకా ఎవరూ కదలొద్దన్నాడు, అంతే. గుంట మూడు రోజులు జ్వరంతో కాలి కన్నుమూసింది. "తల్లివి కావేటి? వానొత్తదని నీకు తెలీదేటి?" అంది సోములమ్మ. ఆ వంతు తనదని గాసి అనలేదు. మర్నాటికి అతని నడుం కుదురుకుంది, చేలోకి పోయాడు. ఆ తర్వాత గుంట పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పొద్దు నడినెత్తికి వస్తుండగా బయట కేకలు వినిపించాయి. గాసి దిగాడు. భుజాల మీద కొండగొర్రె, పిక్క చీరుకుపోయి నెత్తురు కట్టిన కాలు. బుద్రి పరుగున వెళ్ళింది కానీ దగ్గరకి పోలేక పది బారల దూరంలో ఆగిపోయింది. బతికే ఉన్నాడు. అతను ఆమెకేసి చూడకుండా ఊరి నడుమ దేవత రాళ్ళ దగ్గర వేటని దింపాడు.

ఊరిపెద్ద మంగ్లు విత్తనాల తట్టలు వరసగా పెట్టించాడు. గాసి ఇంటి తట్ట మాత్రం పక్కకి జరిపాడు.

"వేట ఒచ్చింది. ఇంక మాట ఎనక్కి పోవాల. బుద్రీ, నువ్వన్నది తప్పని దేవత ముందర సెప్పు. అప్పుడు మీ గింజలు కలుపుతాం" అన్నాడు.

"సెప్పీ బేగి. మూడ్రోజుల ఆకలితో ఉన్నాడు" అని సోములమ్మ వెనకనుంచి వీపు మీద పొడిచింది.

బుద్రి చెప్పడానికే వచ్చింది. కాళ్ళ మీద పడిపోదామనే వచ్చింది. ఆ కాలిగాయం చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. నోరు తెరిచింది.

"నాను పిరికోణ్ణి కానని సెప్పు" అన్నాడు గాసి, రాళ్ళకేసి చూస్తూ.

ఆ మాట దగ్గర ఆమె నోరు ఆగిపోయింది. పిరికితనం అంటే ఏమిటో ఆ ఊళ్ళో తనకి తెలిసినంత ఎవరికి తెలుసు? ఏడాదిగా దాన్ని కడుపులో పెట్టుకుని మోస్తున్నది తను కాదూ!

"ఊయల పదడుగుల దూరంలో ఉంది" అంది బుద్రి. "పదడుగులే. వాన పడతంది. గుంట ఏడుపు నాకు ఇనిపిత్తంది. మేస్త్రీ సూత్తన్నాడని నాను తట్ట దించలేదు. ఏడుపు ఇంటానే రాళ్ళు మోసినాను. వరస అయిపోయేసరికి ఏడుపు ఆగిపోనాది. నాకూ బయమే. నానన్న మాటలో సగం నాది. ఆ సగం ఎనక్కి తీసుకుంటన్నాను."

"మరి మిగతాది?" అన్నాడు మంగ్లు.

"అది నాది కాదు."

సోములమ్మ కొడుకు మొహంలోకి చూసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గాసి తన కాలి నెత్తురుకేసి చూశాడు.

"అటక మీద నాకూ వాన ఇనిపించింది" అన్నాడు. "లెగిసినాను. గొడుగు పట్టుకుని ఎల్దామనుకున్నాను. మళ్ళీ పడుకున్నాను."

బుద్రికి ఏడుపు రాలేదు. ఏడాదిగా ఒంటరిగా మోస్తున్న బరువుని రెండో మనిషి వచ్చి ఒక చివర పట్టుకున్నట్టయింది. బరువు తగ్గలేదు. అతని మీద ప్రేమా పొంగలేదు. మంగ్లు ఇంకేమీ అడగకుండా వాళ్ళ తట్టని వరసలోకి లాగాడు.

ఇంటికొచ్చాక గాసి కాలికి ఆకుపసరు కట్టింది, చోడంబలి పోసింది. అతను తాగి, దొప్ప కింద పెట్టాడు.

"ఈయేడు వంతుకి నాను పోను" అంది బుద్రి.

అతను తలూపాడు. ఆమె లేచి మూలనున్న కుండ తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇది ఇంకా కడగలేదు" అంది.

గాసి కుండకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. మెల్లగా లేచి, కుండ చంకన పెట్టుకుని, కుంటుకుంటూ వాగు వైపు నడిచాడు. మగాడు కుండ కడగడం ఏమిటని సోములమ్మ గాభరాగా లేవబోయింది.

బుద్రి ఆమె మణికట్టు పట్టుకుంది. "కూకో అత్తా" అంది.