వేయినూటపదాఱుల కారు

రోహిణీకార్తె మూడవనాటి మధ్యాహ్నమున ప్రచండభానుండు నడినెత్తికెక్కి నిప్పులు చెఱుగుచుండ వీథులలోని తారు కరగి పాదరక్షల నంటుచుండ నీడ యనునది గోడల మొదళ్లను జానెడు మేరకు కుదించుకొని పోవ కాకులు సైతము కుళాయిల క్రింద కాపురము పెట్టిన యా దారుణవేళయందు పలనాటి యంచునున్న యొక పట్టణపు రవాణాకార్యాలయ ప్రాంగణమున పాలమీగడ వన్నెయు గుండ్రని నుదురును గల ముసలి అంబాసిడరు కారొకటి తన యేబదియేడేండ్ల ప్రాయమున కుచితమగు గాంభీర్యముతో నిలిచి యుండెను. దాని ప్రక్కను చెమటకు తడిసిన కాగితముల సంచిని ఱొమ్మున కదుముకొని డోలు వాయించి వాయించి వ్రేళ్లు కాయలు గాచిన యఱువదేండ్ల షేకు బాజీసాహెబు నిలిచి యుండెను. కారునకు తొందర లేదు. ఆయనకు మాత్రము సాయంకాల మైదుగంటలకు గడువు తీరిపోవుచున్నది.

ఏబదేండ్లు నిండిన బండ్లను వింటేజి శకటములని ప్రత్యేకముగ నమోదు చేయించుకొనినచో వాని ప్రాణము నిలుచుననియు చేయించుకొననిచో అవి తుక్కుగ నెంచబడుననియు చాటింపు వెలువడి యుండెను. పూర్వమే నమోదై యున్న బండికి పాతసంఖ్యయే నిలుచును. ఆధారము చాలని బండికి క్రొత్తసంఖ్య కట్టబెట్టబడును. బండి బ్రదికిన జాలు ననుకొనువారికి ఇందు చిక్కేమియు లేదు. బాజీసాహెబునకు గావలసినది బండి కాదు. దాని నొసట నున్న వేయినూటపదాఱు అను సంఖ్య.

ఆ సంఖ్య కొక కథ కలదు. బాజీసాహెబు తండ్రి ఖాదరుసాహెబు నాదస్వరవిద్వాంసుడు. ఆయన కల్యాణి నాలపించినచో ఉత్సవవిగ్రహమును మోయుచున్న బోయీలు భుజముల నొప్పి మఱచి నడివీథిలో నిలిచిపోవుదురని ప్రతీతి. అయినను దేవళములయందు తక్కిన విద్వాంసులకు వేయినూటపదాఱులు తాంబూలమున బెట్టి సత్కరించు పెద్దలు ఆయనను మాత్రము నూటపదాఱులతో సరిపుచ్చుచుండిరి. ఆ మహానుభావుడు కన్నుల కద్దుకొని పుచ్చుకొనెనే గాని యిది తక్కువ యని యేనాడును పెదవి కదపలేదు. ఇంటికి వచ్చి అన్నము ముట్టక పడుకొనుచుండెను. తుదకు గానాభిమానులు కూడబలుకుకొని యీ కారును కొని యిచ్చినపుడు ఆయన కోరినది యొక్కటియే. సంఖ్య వేయినూటపదాఱు కావలెను. అదియు పల్లెపెద్దలు చదువుకొనుటకై తెలుగంకెలలో వ్రాయబడవలెను. ఆ దినములలో దాని నాక్షేపించినవారు లేరు. నాటినుండి కారు దేవళము ముంగిట నాగుటయు ధర్మకర్తలు ఆ సంఖ్యాపలకను చదువుకొని తలలు వంచుటయు తాంబూలమున వేయినూటపదాఱులు నిలుచుటయు నాచారమయ్యెను. మనిషి యడుగలేని దానిని బండి యడిగెను.

లోపలి గదిలో పంకా క్రింద కూర్చున్న అధికారిణి హిమజ దయలేనిది కాదు. కాని మంచిసంఖ్యల కొఱకు జనులు పన్ను మాయోపాయములను చూచి చూచి యామె మనస్సు కొంత మొద్దువాఱి యుండెను. నెల దినములలో బాజీసాహెబు ఆమె యెదుట నిలుచుట యిది నాలుగవమాఱు.

“సాయిబు గారూ, కంప్యూటర్లో మీ బండి నంబరు మూడు సున్నాల ఆరు. ఆ నంబరున్న లారీ తుక్కయిపోయి ముప్పై ఏళ్లయింది. రికార్డు ప్రకారం మీ బండి అసలు లేదండీ.”

“లేకపోవటమేందమ్మా? అదుగో, గేటు పక్కన నిలబెట్టొచ్చా.”

“వెయ్యినూటపదహారంటే ఫ్యాన్సీ నంబరు. వేలంలో పాడుకునేది. ఊరికే మాదంటే ఎట్లా ఇస్తాను? కొత్త నంబరు తీసుకోండి. బండన్నా మిగులుతుంది.”

“బండి మిగిలి మా నాయన పోతే నేనేం జేసుకోనమ్మా?”

బండి పుస్తకము చెదలపాలై యుండెను. సాక్ష్యము చెప్పదగిన ధర్మకర్తలు కాలగతి నొందియుండిరి. ఇక మిగిలిన యాధారము కారు ముందఱి పలకకు దీయించిన ఛాయాచిత్ర మొక్కటియే. బాజీసాహెబు దానిని బల్లపై బెట్టెను.

“ఇవి కూడా సున్నాలే కదండీ?” అని హిమజ కనుబొమలు ముడిచెను.

“కాదమ్మా, ఒకట్లు.”

“ఒకట్లని ఎట్లా చెప్తున్నారు? మీకు తెలుగంకెలు చదవటం వచ్చా?”

బాజీసాహెబు తెలివి వచ్చినది మొదలు ఆ పలకను చూచుచున్నవాడే. అది వేయినూటపదాఱని తన పేరెఱిగినట్లెఱుగును. కాని యందు నొకటి యేది ఆఱు ఏది యని వ్రేలుపెట్టి చూపుమనినచో చూపలేడు. తాళములలోని మాత్రలన్నియు కంఠస్థమైన యాతనికి తండ్రి వ్రాయించిన నాలుగంకెలు రాకపోయెను. సిగ్గుతో నాతని చెవులు కాలిపోయెను.

ఛాయాచిత్రము చేతులు మాఱెను. లైసెన్సునకు వచ్చిన పట్టభద్రుడు చూచెను. కార్ల బేరగాడు చూచెను. గుమాస్తాలిద్దఱు తలక్రిందులుగ ద్రిప్పి చూచిరి. అందఱును తెలుగు తల్లుల కడుపున బుట్టినవారే. ఒక్కనికిని చదువ రాలేదు. గోడ గడియారము నాలుగు కొట్టెను.

అంతట చనిపోయిన భర్త స్కూటరును తన పేరునకు మార్పించుకొన వచ్చి వరుసలో కూర్చున్న సీతారావమ్మ యను వృద్ధురాలు చేయి సాచెను.

“ఏదీ, ఇటియ్యండి నాయనా. ఇది వెయ్యినూటపదహారు కాదూ! మా ఇంట్లో పారాయణ పుస్తకంలో పేజీల అంకెలన్నీ ఇట్టాగే ఉంటాయి. ఇదుగో అమ్మాయ్, నోరు తెరిచి ఉంటే ఒకటి. నోరు మూస్తే సున్న.”

హిమజ వెంటనే గుమాస్తాను బంపి రెండు దస్త్రములు తెప్పించెను. మొదటిది ఏబదియేడేండ్ల నాటి నమోదుగ్రంథము. ఇన్నాళ్లును ఆఱవసంఖ్య యొద్ద వెదకిరి గనుక దొరకలేదు. ఇప్పుడు వేయినూటపదాఱవసంఖ్య యొద్ద విప్పి చూడగా నీలిసిరాతో ఖాదరుసాహెబు పేరు చెక్కుచెదరక నిలిచి యుండెను. బాజీసాహెబు ఆ పేరును చూచి “నాయనా” అని గట్టిగనే యనెను.

రెండవది పదునెనిమిదేండ్ల క్రిందట పాత దస్త్రములను యంత్రమున కెక్కించు దినములలో బండివారు స్వయముగ పూరించి యిచ్చిన దరఖాస్తు. సంఖ్య వ్రాయవలసిన గడిలో మూడు నిండు సున్నలును ప్రక్కను వంకరగీత యొకటియు నుండెను. ఆ గీతను మాత్రమే యెవరో ఊహించి ఆఱని గ్రహించిరి.

“ఇది ఎవరు పూర్తి చేశారండీ?”

బాజీసాహెబు చూచెను. తన చేతివ్రాతయే. క్రింద తన సంతకమే.

నాటి దినము కన్నుల గట్టెను. తండ్రి ఆసుపత్రిలో నూపిరి యాడక కొట్టుకొనుచుండెను. పలకపై నెట్లున్నదో గీత తప్పక యట్లే దింపవలె నని కిటికీ యొద్ద చెప్పిరి. తాను ఎండలో కారు ముందు గొంతుకూర్చుండి చదువరాని యా యాకారములను బొమ్మలవలె జూచి గీసెను. తొందరలో మూడు వలయములను చుట్టి కలిపివేసెను. పెద్దల యెదుట జన్మమంతయు మాటాడని తండ్రి కొఱకు మాటాడుచుండిన యా మూడు ఒకట్ల నోళ్లను కన్నకొడుకే మూసెను. లోకమంతయు తన తండ్రి కన్యాయము చేసినదని యీ నెల దినములు కనబడిన వారి నెల్ల తిట్టుకొనుచు తిరిగినవా డిప్పుడు తిట్టుటకు వేఱొకడు లేక నిలువునను నీరైపోయెను.

హిమజ కంఠము మెత్తబడెను. “పాత రిజిస్టర్లో పేరుంది కాబట్టి నంబరు ఇస్తాను. కానీ పాత తప్పెట్లా జరిగిందో ఒక డిక్లరేషన్ కావాలి. ఎక్కించేటప్పుడు పొరపాటు పడిందని రాసేయండి. అప్పటి మనుషులు ఇప్పుడెవరూ లేరు. అడిగేవాళ్లుండరు.”

సులభమైన మార్గము. గడియారము నాలుగున్నర దాటెను. బాజీసాహెబు కలము పట్టుకొనెను. చెమట బొట్లు కాగితముపై బడుచుండెను. పేరైన లేని యెవరో గుమాస్తాపై నొక్క వాక్యము వ్రాసినచో చాలును. తండ్రి నిలుచును. తానును తప్పించుకొనును.

“వద్దమ్మా,” అనెను తుదకు. “ఆయన మర్యాద నేను పోగొట్టి ఇంకోడి మీద పెడితే ఆ నంబరు బండికి కట్టుకొని తిరగలేను.”

అని యాతడు తల వంచి వ్రాసెను. అక్షరములు పెద్దవి. పంక్తులు వంకర. మా నాయన తెలుగులో రాయించిన అంకె నాకు చదవటం రాదు. బొమ్మల్లా చూసి తొందరలో సున్నాలు గీశాను. తప్పు నాదే.

హిమజ దానిని బైటికి చదువబోయి రెండవ వాక్యమున నాగి ఛాయాచిత్రమువంక నొకసారి చూచి ముద్ర వేసెను. ఐదునకు పది నిమిషములు తక్కువగ వేయినూటపదాఱు వింటేజిశకటముల పట్టిక కెక్కెను. గుమాస్తాలు చప్పట్లు కొట్టిరి. సీతారావమ్మ “పోనీలే నాయనా, దక్కింది” అనెను.

దక్కిన మాట నిజమే. కాని యా సంఖ్య నిలిచినన్నినాళ్లు దాని వెనుక నా మూడు వాక్యములును దస్త్రమున నిలిచియుండును. తండ్రి కీర్తిని నెత్తిన మోయుట కొడుకులకు సులభమే గాని తండ్రి వ్రాతను చదువుట వేఱు విద్య. దానిని నేర్చుకొనుటకు బాజీసాహెబునకు అఱువదేండ్లు చాలలేదు. ఆతడు వెలుపలికి వచ్చి కారు తలుపు దీసి నిప్పువలె కాలుచున్న యాసనముపై గూర్చుండి తాళము పెట్టక చక్రముపై తల మోపి నలుగురు చూచుచున్నారను స్మృతియైన లేక భోరున నేడ్చెను. కోరినది చేతికి వచ్చిన దినమున నట్లేడ్చు వానిని ఆ ప్రాంగణమున మున్నెవ్వరును చూచి యుండలేదు.