పాస్‌వర్డ్ మరిచిపోయిన పరీక్ష

ఇలింకా కాల్చిన ఎర్ర బుట్టమిరపకాయల తొక్క ఒలుస్తోంది. చలికాలానికి జకుస్కా అనే పచ్చడి చేసి సీసాల్లో పెట్టాలి. మసి అంటకుండా దూరంగా జరిపిన ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. ఎదురుగా కుర్చీ అంచున ఆమె అన్న దోరు కూర్చున్నాడు.

ఫైళ్లను ఇంటర్నెట్‌లో భద్రంగా దాచిపెడతామనే కంపెనీలో అతను అమ్మకాలు చూస్తాడు. భర్తల దెబ్బలకు పారిపోయి వచ్చిన ఆడవాళ్లకు తిమిషోఆరా నగరంలో ఆశ్రయమిచ్చే సంస్థ ఒకటి తన కాగితాలన్నీ ఆ కంపెనీకి అప్పగించాలనుకుంటోంది. ఎవరు ఏ ఇంట్లో తలదాచుకున్నారో అంతా వాటిలోనే ఉంది. ముందు పరీక్షించి చెప్పమని, ఇలాంటి భద్రతలు పరీక్షించడమే పనిగా ఉన్న ఇలింకాను అడిగారు. అన్న పనిచేసే చోటని చెప్పినా, నువ్వే చూడమన్నారు.

"ఇంకా ఏం చూస్తావే? ఆ ఫైళ్లు మాకే కనపడవు. తాళంచెవి కస్టమర్ పాస్‌వర్డే. సైటు మొదటి పేజీలోనే రాశాం."

"రాసింది చదవడానికైతే నేనెందుకు అన్నయ్యా?"

చేతులు తుడుచుకుని, 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' అన్న చోట నొక్కింది. నిమిషంలో మెయిల్ వచ్చింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. ఎక్కించిన ఫైలు ఒక్క అక్షరం పోకుండా తెరుచుకుంది.

దోరు తొడ చరిచాడు. "చూశావా! పెళ్లి ఫోటోలు పోయాయని ఏడుస్తూ వచ్చినవాళ్లు నవ్వుకుంటూ వెళ్తారు."

ఇలింకా నవ్వలేదు. "తాళంచెవి నా ఒక్కదాని దగ్గరే ఉంటే, నేను పారేసుకున్నాక ఇది తెరుచుకోకూడదు కదా?"

అతని చెయ్యి తొడమీదే ఆగిపోయింది.

"మీ దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. ఆ ఆడవాళ్లలో ఒకామె మొగుడికి మీ ఆఫీసులో స్నేహితుడుంటే?"

"నీకందరూ దొంగలే! జనం రోజూ పాస్‌వర్డ్ మరిచిపోయి మా మీద పడి అరుస్తుంటే, ఇంకోటి పెట్టుకోక ఏం చేస్తాం?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"అంటే నీకు ముందే తెలుసు."

దోరు గొంతు తగ్గించాడు. "ఈ ఒప్పందం కుదరకపోతే సోమవారం నుంచి నన్ను రావద్దంటారు. వసంతంలోగా సరిచేస్తారులే. ఇప్పటికి బాగుందని రాయి, నా బంగారం కదూ."

"ఈలోగా ఆ మొగుడెవడో వెళ్లి ఆమె తలుపు కొడితే?"

ఇలింకా ల్యాప్‌టాప్ దగ్గరకు లాక్కుంది. అన్న చూస్తుండగానే రాసింది: వీరికి అప్పగించవద్దు. చేసిన పరీక్ష నాలుగు వాక్యాల్లో వివరించి పంపేసింది.

దోరు లేచి కోటు అందుకున్నాడు. బొత్తాలైనా పెట్టుకోకుండా, ఆమె వైపు చూడకుండా తలుపు తీసుకుని మెట్లు దిగిపోయాడు.