మూత తీసే కొక్కెం

నేను ఒక ఇనుప కొక్కేన్ని. మ్యాన్‌హోల్ మూతలు తీయడం నా పని. మొన్న ఆదివారం పొద్దున్నే నా మూలంగా ఇంట్లో తగువైంది.

"గరిటెల పక్కన తగిలించావేంటయ్యా దీన్ని? రేపు దీంతోనే చారు కలపమంటావా?" అంది కరుణమ్మ.

"డెట్టాలేసి కడిగానే. బయట పెడితే పాతినప సామానోడు ఎత్తుకుపోతాడు" అన్నాడు ఆమె భర్త ఏసుపాదం.

"పోనీ. నాకు పీడా పోద్ది."

చివరకు వంటగది కిటికీ ఊచకు నన్ను తగిలించి ఇద్దరూ రాజీపడ్డారు.

విరిగిన లారీ ఇరుసు ముక్కను కొలిమిలో కాల్చి, కొస వంచి నన్ను చేశారు. మొదట కరుణమ్మ తండ్రి దావీదు మేస్త్రి చేతిలో పదహారేళ్లు తిరిగాను. పని మానిన రోజున ఆయన నన్ను అల్లుడికిచ్చి, తన విద్యనంతా రెండు ముక్కల్లో అప్పజెప్పాడు. "మూత తియ్యగానే బొద్దింకలు పరిగెడితే దిగు. వెల్లకిలా పడుంటే మూసెయ్."

ఇంట్లో కనిపిస్తే చెప్పుతో కొట్టే పురుగును నమ్మి, మనుషులు గోతిలో ప్రాణం పెట్టడం నాకు వింతగానే ఉండేది. కానీ పన్నెండేళ్లుగా ఏసుపాదం దిగుతూనే ఉన్నాడు, క్షేమంగా పైకి వస్తూనే ఉన్నాడు.

మంగళవారం అంగన్‌వాడీ వీధిలో మురుగు పొంగి పిల్లలు ఆడే గుమ్మందాకా వచ్చింది. కొత్తగా వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టర్ హైమవతి గారు వీధి కుళాయి నీళ్లు పరీక్షకని సీసాలో పట్టుకుంటున్నారు. ఏసుపాదం నాతో మూత లేపాడు. బొద్దింకలు చెల్లాచెదురుగా పరిగెత్తాయి. అతను లుంగీ ఎగగట్టాడు.

"ఆగండి ఏసుపాదం గారూ" అంటూ ఆవిడ అరచేతంత గ్యాస్ మీటరుకు తాడు కట్టి లోపలికి వదిలారు. పైమెట్ల దగ్గర అది నోరెత్తలేదు. అడుగు దగ్గరపడగానే ఆగకుండా కూతపెట్టింది.

"మీ మీటరు చెడిపోయిందేమోనండి. బొద్దింకలు చూడండి, ఎంత హుషారుగా ఉన్నాయో."

"అవి పైమెట్టు మీదున్నాయి. విషవాయువు అడుగునుంది. మీరు నిలబడేది ఎక్కడ?"

ఏసుపాదం ఎగగట్టిన లుంగీ దించేసి, గోతి అంచు నుంచి వెనక్కి జరిగాడు. బొద్దింకలు పరిగెడుతున్నా అతను దిగకపోవడం పన్నెండేళ్లలో ఇదే మొదలు.

ఆవిడ ఫోన్ చేస్తే గంటలో మురుగు తీసే యంత్రం వచ్చింది. దాని గొట్టం ఎంతసేపు తిప్పినా అడ్డు దొరకలేదు. "అంగన్‌వాడీ మూల దగ్గర లైను ఎడమకు తిరుగుద్ది" అని ఏసుపాదం చెప్పాక దొరికింది. మురుగు గుడగుడమంటూ జారిపోయింది.

"ఆ యంత్రం మీద పని నేర్చుకోండి. ఈ లైన్లు మీకు తెలిసినట్టు దానికి తెలీదు" అన్నారావిడ.

ఆ సాయంత్రం అతను చాలాసేపు కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"కూర బాలేదా నాన్నా?" అంది కూతురు సువార్త.

"బాగుందమ్మా." అతను తలెత్తి కరుణమ్మను చూశాడు. "మీ నాన్న చెప్పింది తప్పే. తెలీక చెప్పాడు, తెలీక నేను దిగాను. రేపట్నుంచి మిషను పని నేర్చుకుంటా. గోతిలోకి దిగను. ఇంకెవడన్నా దిగుతానంటే, వాడికి మూత తియ్యను."

మూత తీసేది నేను. ఎవరూ నన్నడగలేదు గానీ, ఆ ఆఖరి మాటకు నేనూ ఒప్పుకున్నాను.