దర్జీగారి దగ్గు దిండు

ఛాతీ కోసి కుట్టిన నాలుగో రోజుకి కూడా మామగారు దగ్గలేదు.

దగ్గడం కూడా ఒక పనేనా అని ఎవరైనా అని ఉంటే కోడలు వాళ్ళ నెత్తిన నాలుగు మొట్టికాయలు వేసేదే. బైపాస్ అయినవాళ్ళు గంటకోసారైనా గట్టిగా దగ్గాలి. లేకపోతే కఫం లోపలే పేరుకుపోయి ఊపిరితిత్తులకి చేటు. అప్పటికే ఆయనకి ఒళ్ళు వెచ్చబడింది, ఊపిరి తీస్తే గురగుర.

“నాలుగింటికి డాక్టరుగారు వస్తారు. అప్పటికీ ఇలాగే ఉంటే మళ్ళీ ఐసీయూకే,” అని సిస్టర్ తేల్చి చెప్పేసింది. గోడ గడియారం రెండున్నర దాటింది.

దగ్గితే కోత నొప్పి పుడుతుంది కనుక ఒక దిండుని ఛాతీకి గట్టిగా అదుముకుని దగ్గాలి. ఆ దిండ్లని ఒక స్వచ్ఛంద బృందం కుట్టి వార్డులో ప్రతి రోగికీ ఊరికే ఇస్తుంది. వాళ్ళలో సగం మంది ఒకప్పుడు ఆ మంచాల మీద పడుకుని లేచినవాళ్ళే. మామగారి ఆపరేషన్‌కి తేదీ ఇచ్చిన రోజే కోడలు ఆ బృందంలో చేరింది. పెళ్ళయి మూడు నెలలు. మామగారి దిండు తన చేతుల మీదుగానే కావాలని ముచ్చటపడింది. సూదిలో దారం ఎక్కించే పని మొగుడిది. ఒక కన్ను మూసి, నాలుక కొస బయటపెట్టి అతను తంటాలు పడుతుంటే చూడ్డానికే ఆమె మాటిమాటికీ దారం తెంపేది.

అంత మురిపెంగా కుట్టిన దిండుని మామగారు చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో ఎత్తి చూశారు.

“ఇదేమిటమ్మాయ్?”

“దగ్గు దిండు, మామయ్యా. నేనే కుట్టాను.”

“ఈ కుట్టు చూస్తే దగ్గు కాదు, ఏడుపొస్తోంది.”

ఆయన నలభై ఏళ్ళు కోట్లు కుట్టిన దర్జీ మరి. కోడలు పళ్ళు బిగించి వార్డు బీరువాలోంచి ఇంకోటి తెచ్చింది. మూలల్లో దూది లేదన్నారు. మూడోదానికి గుడ్డ ఏటవాలుగా కత్తిరించారన్నారు. ఆమె తలప్రాణం తోకకొచ్చింది.

“మామయ్యా, దీన్ని తొడుక్కుని మీరు పెళ్ళికి వెళ్ళక్కర్లేదు. పట్టుకుని దగ్గండి, చాలు!”

“దగ్గుకైనా ఒక మర్యాద ఉండాలమ్మాయ్.”

అంటూనే గొంతులోకి వచ్చిన దగ్గుని గుటక వేసి మింగేశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుప్పటి అంచుని పిడికిలి బిగించి పట్టుకున్నారు. అప్పుడు చూసింది కోడలు ఆ పిడికిలిని. వంకలు దిండుకే పెడుతున్నారు గానీ, భయం దిండంటే కాదు.

“మామయ్యా, నిజం చెప్పండి. దేనికి భయం?”

మామగారు అటూ ఇటూ చూశారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు. “లోపల ఏ దారం వేశారో నేను చూళ్ళేదమ్మా. ఎవడి చెయ్యో, ఎలాంటి చెయ్యో. గట్టిగా దగ్గితే పుటుక్కున విడిపోతే?”

చూడకుండా కుట్టుని నమ్మే మనిషి కాదాయన. ఆమె విసవిసా బృందం గదికి వెళ్ళి, దూది ఏరుతున్న రిటైర్డు కండక్టరుని వెంటబెట్టుకొచ్చింది. ఆయనకి బైపాస్ అయి తొమ్మిదేళ్ళు.

“ఏం మాస్టారూ, బండి ఇక్కడే ఆపేశారట?” అంటూ కండక్టరు చొక్కా గుండీలు విప్పేశాడు. “చూసుకోండి. లోపల ఎముకని కట్టింది దారం కాదు, స్టీలు తీగ. తొమ్మిదేళ్ళుగా దీంతోనే తుమ్ముతున్నా, మా ఆవిడతో పోట్లాడుతున్నా.”

మామగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. మచ్చ పొడుగునా జానతో కొలిచారు. వేలితో తడిమారు. వంక దొరుకుతుందేమోనని కింది కొసన మళ్ళీ చూశారు.

“కితకితలు పెట్టకండి మాస్టారూ!”

“కదలకండి. తిన్నగానే ఉంది. ఎవరు కుట్టారు?”

“మిమ్మల్ని కుట్టినాయనే.”

మామగారు “ఊఁ” అన్నారు. చెయ్యి చాపారు. కోడలు చటుక్కున చేతికందిన దిండు ఇచ్చేసింది. అది ఆమె కుట్టిందే. దాన్ని గుండెలకి అదుముకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్క దగ్గు దగ్గారు.

పర్రుమంది.

ఆయన ముఖం పాలిపోయింది. కళ్ళు తెరవకుండానే, “విడిపోయిందా?” అన్నారు.

“విడిపోయింది మామయ్యా,” అంది కోడలు, ముఖం మీది దూది తుడుచుకుంటూ. “నా దిండు.”

మామగారు ఒక కన్ను తెరిచి ఒడి నిండా పడిన దూదిని చూశారు. తర్వాత తన ఛాతీని చూసుకున్నారు. పక్క మంచాయన కూడా లేచి కూర్చున్నాడు. మామగారి భుజాలు కుదురుతప్పి ఊగడం మొదలుపెట్టాయి.

“అమ్మాయ్... చెప్పానా... ఆ కుట్టు...”

“అబ్బబ్బ, నవ్వకండి మామయ్యా, నాలుగవుతోంది!” అంటూ ఆమె మూలల్లో దూది లేని దిండుని ఆయన చేతుల్లో కుక్కింది. “దగ్గండి!”